డబ్బా పీకిన బండ్లు

తొంభైల మొదట్లో నెల్లూరులో యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్న కుర్రాడు ముందు గుడికి పోయి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాడు. ఆ తర్వాత షెడ్డుకు పోయి డబ్బా పీకించేవాడు. డబ్బా అంటే ఎయిర్ ఫిల్టరు పెట్టె. సైడు కవరు వెనక దాక్కొని ఉండేది. లోపల నూనె పట్టించిన స్పాంజి, గాలి లోపలికి పోవడానికి ఒక ఇరుకు మూతి. దాన్ని ఊడబీకి, కార్బొరేటరు వెనక మూతికి నేరుగా గరాటు ఆకారంలో ఉండే ఎర్ర ఫిల్టరు తొడిగి, క్లిప్పు బిగిస్తే పనైపోయిందనుకునేవాళ్ళు. నిజానికి అసలు పని అప్పుడే మొదలయ్యేది.

ఆ పని పేరు జెట్లు మార్చడం. మా ఊళ్ళో ఒక తరం మెకానిక్కులు దాని మీద పేరు తెచ్చుకున్నారు. నాలాంటి వాళ్ళు కాలేజీ ఎగ్గొట్టి షెడ్డులో బల్ల మీద కూర్చుని, టీ తాగుతూ, ఆ పని చూస్తూ పెద్దయ్యారు. ఇప్పుడు ఆ బండ్లు తగ్గిపోయాయి, ఆ షెడ్లు పోయాయి. చేసిన వాళ్ళలో చాలామంది పనిముట్లు కింద పెట్టేశారు. వాళ్ళకు తెలిసిన విద్య ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎర్ర ఫిల్టరు మోజు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. అమెరికాలో కె అండ్ ఎన్ వాళ్ళు రేసు బండ్ల కోసం, నూనె పట్టించిన నూలు గుడ్డ మడతలతో, కడిగి మళ్ళీ వాడుకునే ఫిల్టర్లు తయారు చేసేవాళ్ళు. వాటి బొమ్మలు ఇంగ్లీషు పత్రికల్లో చూసినవాళ్ళు మెడ్రాసులో వెతికారు. మాదాకా వచ్చినవి ఎక్కువగా వాటి పోలికతో తయారైన చవక సరుకు. అయినా ఎర్రగా, గరాటులా ఏది కనపడినా మేం కె అండ్ ఎన్ అనే అనేవాళ్ళం. దాని వల్ల బండికి పికప్ వస్తుందని అందరూ చెప్పేవాళ్ళు. కుర్రాళ్ళకు అసలు కావలసింది మాత్రం శబ్దం. డబ్బా ఉన్నంతసేపు ఇంజను గాలి పీల్చే చప్పుడు లోపలే అణిగి ఉండేది. డబ్బా తీసేస్తే ఎక్సలేటరు తిప్పగానే సీటు కింది నుంచి బొంగురుగా ఒక గర్జన లేచేది. 98 సీసీ బండి, 11 హార్స్‌పవర్. కాని ట్రంకు రోడ్డు మీద ఆ చప్పుడు విన్నవాళ్ళు పెద్ద బండి వస్తోందనుకుని పక్కకు జరిగేవాళ్ళు.

ఆ సంబరం కొన్నాళ్ళే. తర్వాత బండి సగం ఎక్సలేటరులో ముక్కడం, ఉన్నట్టుండి పుల్లింగు తగ్గడం, స్లోలో నిలబడకపోవడం మొదలయ్యేవి. పొద్దున కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుట్టేది. ఆఖరికి హైవే మీద మంచి స్పీడులో ఉండగా కీచుమని వెనక చక్రం పట్టేసేది. అదే పిస్టన్ సీజ్. మా బావ బండికి అట్లాగే జరిగింది. ఆయన ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు పెట్టి, మొదటి పంట డబ్బులతో ఆర్‌ఎక్స్ కొన్నాడు. ఫిల్టరు తనే కొని, తనే తగిలించుకున్నాడు. స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకుని తిరుపతికి బయలుదేరితే నాయుడుపేట దాటకముందే బండి పట్టేసింది. దాన్ని లారీలో వేసుకొచ్చి, బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టను వేయించాక గాని ఆ ఫిల్టరు అసలు ఖరీదు ఎంతో తెలియలేదు.

ఎందుకట్లా అవుతుందో మాకు చెప్పింది భాయ్. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక సందులో రేకుల షెడ్డు ఆయనది. బోర్డు లేదు. ఊరంతా ఆయన్ను భాయ్ అనే పిలిచేది. కుర్రతనంలో మెడ్రాసు పోయి పుదుపేటలో పని నేర్చుకున్నాడు. షోలవరం రేసులకు బండ్లు తయారు చేసే షెడ్లలో పానాలు అందించాడు. షోలవరం అంటే యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే. మెడ్రాసు నుంచి నెల్లూరు వచ్చే జీఎన్‌టీ రోడ్డు మీదే ఉంటుంది. ఇరుంగాట్టుకోట్టైలో 1990లో కొత్త ట్రాకు వచ్చేదాకా దక్షిణాదిలో రేసులంటే షోలవరమే. అక్కడ చూసి వచ్చినవాళ్ళ ద్వారానే ఈ డబ్బాలు పీకే అలవాటు హైవే వెంబడి సూళ్ళూరుపేటకు, గూడూరుకు, నెల్లూరుకు పాకిందని ఆయన అనేవాడు.

"ఏంది అబ్బయా, బోండాం నీళ్ళు తాగుతావు గదా. స్ట్రాకు పైన చీలికుంటే ఏమవుద్ది? ఎంత పీల్చినా నోట్లోకి గాలొస్తాది గాని నీళ్ళు రావు. నీ బండి కథ కూడా అంతే" అని బావకు చెప్పాడు భాయ్. అంతకంటే తేలిగ్గా చెప్పిన ఇంజనీరును నేను ఇంతవరకు చూడలేదు.

కార్బొరేటరు గాలిని కొలవదు. దానికి తెలిసింది పీల్పు ఒక్కటే. ఇంజను గాలిని లాగేటప్పుడు కార్బొరేటరు ఇరుకు గొంతులో గాలి వేగం పెరుగుతుంది, అక్కడ పీడనం పడిపోతుంది. ఆ పీడనం తేడాకే కింద చాంబరులోని పెట్రోలు జెట్టు గుండా పైకి వచ్చి తుంపరగా గాలిలో కలుస్తుంది. డబ్బాకు ఇరుకు మూతి ఉన్నప్పుడు గొంతులో పీల్పు ఎక్కువ. కంపెనీవాళ్ళు ఆ పీల్పుకు తగ్గట్టు చిన్న జెట్టు వేసి పంపుతారు. డబ్బా తీసేస్తే గాలికి అడ్డు తగ్గుతుంది. గాలి ఎక్కువగా వస్తుంది గాని జెట్టు మీద పీల్పు తగ్గుతుంది. జెట్టు రంధ్రం మాత్రం అదే. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి చాలు. బలం బాగా రావాలంటే 13కు అటూ ఇటూ ఉండాలి. గాలి ఆ లెక్క దాటిపోతే బలమూ తగ్గుతుంది, వేడీ పెరుగుతుంది. టూ స్ట్రోకు ఇంజనులో లోపలికి వచ్చే పెట్రోలే పిస్టనును కొంత చల్లబరుస్తుంది. అది తగ్గిందంటే పిస్టను ఉబ్బి బోరుకు పట్టేస్తుంది.

కాబట్టి గాలి మార్చినవాడు పెట్రోలు కూడా మార్చాలి. ఫిల్టరు అమ్మినవాడు చెప్పని మాట ఇది.

భాయ్ దగ్గర జెట్లన్నీ ఖాళీ అమృతాంజనం సీసాల్లో ఉండేవి. ప్రతి సీసాకూ తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో నంబరు. జెట్టంటే ఇత్తడి మర. గోరంత ఉంటుంది, మధ్యలో సన్నటి రంధ్రం. నెత్తి మీద అంకె కొట్టి ఉంటుంది గాని కంటికి సరిగ్గా ఆనదు. భాయ్ దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని, ముందు నోటితో ఊది, ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూసి రంధ్రంలోంచి చూసేవాడు. రంధ్రం గుండ్రంగా ఉందా, అంచు చెదిరిందా, లోపల వార్నిషు పట్టిందా అన్నది ఆ ఒక్క చూపుతో తేల్చేవాడు. అనుమానం వస్తే గడియారాలు బాగుచేసేవాళ్ళ భూతద్దం కంటికి బిగించేవాడు.

పనికి ఒక వరస ఉండేది. అది తప్పితే ఆయన ఒప్పుకొనేవాడు కాదు. ముందు ఎక్సలేటరు గ్రిప్పు మీద ఇన్సులేషన్ టేపు అతికించి పావు, అర, ముప్పావు, ఫుల్లు అని పెన్నుతో గీతలు పెట్టేవాడు. ఎందుకంటే కార్బొరేటరులో ఒక్కో భాగం ఎక్సలేటరు ఒక్కో మేరకు తెరిచినప్పుడే మాట్లాడుతుంది. మూసినప్పటి నుంచి పావు దాకా స్లో జెట్టుదీ ఎయిరు స్క్రూదీ రాజ్యం. పావు నుంచి ముప్పావు దాకా నీడిలుది. ముప్పావు దాటితే మెయిన్ జెట్టుది. బండి ఎక్కడ ఇబ్బంది పెడుతోందో గీతను బట్టి తెలుస్తుంది. "సగంలో ముక్కితే మెయిన్ జెట్టు మార్చేవాడు దొంగన్నా అయుండాల, పని రానోడన్నా అయుండాల" అనేవాడు.

మొదట మెయిన్ జెట్టు. పెట్రోలు ట్యాపు కట్టేసి, రెండు క్లిప్పులు వదులు చేసి, కార్బొరేటరును పక్కకు తిప్పి, కింద చాంబరు విప్పి, సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరుతో పాత జెట్టు తీసేవాడు. కొత్తది ఎప్పుడూ కావలసినదానికంటే పెద్దదే వేసేవాడు. పెద్దదాని నుంచి కిందికి దిగాలి గాని చిన్నదాని నుంచి పైకి ఎక్కకూడదు. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి బండి ఆగిపోతుంది, అంతే. తక్కువైతే పిస్టనే పోతుంది. జెట్టు మరీ పెద్దదైతే ఫుల్ ఎక్సలేటరులో బండి గొంతు మూసుకుపోయినట్టు గుడగుడమంటుంది. అయిదు నంబర్లు, అవసరమైతే రెండున్నర చొప్పున దించుకుంటూ వస్తే ఒకచోట ఆ గుడగుడ పోయి శబ్దం తేటపడుతుంది. భాయ్ రోడ్డు పక్కన నిలబడి, బండి తన ముందు నుంచి దూసుకుపోయేటప్పుడు విని చెప్పేవాడు.

చెవి చెప్పిందాన్ని కంటితో రూఢి చేసుకోవడానికి మైపాడు రోడ్డుకు పోయేవాళ్ళం. తెల్లవారుజామున ఖాళీగా, తిన్నగా ఉండేది. కొత్త ప్లగ్గు బిగించి, టాప్ గేరులో ఫుల్ ఎక్సలేటరు మీద ఒక కిలోమీటరు పైగా లాగి, అదే వేగంలో ఒక్కసారిగా క్లచ్చు పట్టి తాళం కట్టేయాలి. స్లోలోకి రానివ్వకూడదు. వస్తే ప్లగ్గు మీద రంగు మారిపోతుంది. బండి దానంతట అది ఆగాక, కాలే ప్లగ్గును గుడ్డతో పట్టుకుని ఊడదీసి, కొస చుట్టూ ఉన్న తెల్ల పింగాణీని చూడాలి. అది తెల్లగానే ఉంటే పెట్రోలు చాలలేదు. నల్లటి పొడి మసి ఉంటే ఎక్కువైంది. లేత ఇటుక రంగు నుంచి కాఫీ పొడి రంగు మధ్యన ఉంటే సరిపోయింది. ఒక్కోసారి తెల్ల పింగాణీ మీద చిన్న చిన్న మెరుపు చుక్కలు కనపడేవి. అవి పిస్టను నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. ఆ చుక్కలు చూస్తే భాయ్ ఇంకేం మాట్లాడకుండా బండిని షెడ్డుదాకా తోసుకుంటూ తెచ్చేవాడు, కిక్కు కూడా కొట్టనిచ్చేవాడు కాదు.

మెయిన్ కుదిరాక స్లో. టూ స్ట్రోకు బండ్లలో ఎయిరు స్క్రూ లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోలు పెరుగుతుంది, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వదిలితే మామూలుగా దగ్గరికి వస్తుంది. స్క్రూ మూడు చుట్లు తిప్పినా తేడా కనపడలేదంటే స్లో జెట్టు నంబరే తప్పని అర్థం. ఆఖరుకు నీడిలు. దాని తల దగ్గర అయిదు గాట్లు, ఒక చిన్న క్లిప్పు. క్లిప్పును ఒక గాటు కిందికి దించితే నీడిలు పైకి లేచి మధ్య ఎక్సలేటరులో పెట్రోలు పెరుగుతుంది. ఆ క్లిప్పు చేతిలోంచి జారి మట్టిలో పడిందంటే షెడ్డులో ఉన్న పనివాళ్ళంతా నేల మీద వంగి వెతకాల్సిందే. దాన్ని వెతికి ఇచ్చిన బుడ్డోడికి ఆ పూట బన్నూ టీ ఖాయం.

జెట్లు దొరకడమే ఒక పెద్ద వ్యవహారం. మా ఊళ్ళో స్పేరు పార్టుల షాపుల్లో కంపెనీ నంబరు ఒక్కటే ఉండేది. పై నంబర్లు కావాలంటే మెడ్రాసే. పొద్దున రైలెక్కి పోయి, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో షాపు షాపూ తిరిగి, అక్కడ లేకపోతే పుదుపేట పాత ఇనుప దుకాణాల్లో కార్బొరేటర్ల కుప్పలు గాలించి, చిన్న కాగితం పొట్లంలో నాలుగు జెట్లు తెచ్చుకునేవాళ్ళం. తెలంగాణ వైపు వాళ్ళకు సికింద్రాబాదు రాణిగంజ్ ఎట్లాగో మాకు అది అట్లాగ. మెడ్రాసు పోలేని చోట్ల మెకానిక్కులు అడ్డదారి తొక్కేవాళ్ళు. క్లచ్చు వైరు పోగు తెంపి జెట్టులో దూర్చి రంధ్రాన్ని అరగదీసేవాళ్ళు. మరీ పెద్దదైతే టంకం పోసి మూసి, సన్న డ్రిల్లుతో మళ్ళీ తొలిచేవాళ్ళు. భాయ్‌కి అది గిట్టేది కాదు. జెట్టులోంచి ఎంత పెట్రోలు పోతుందన్నది రంధ్రం వెడల్పు మీదే కాక, లోపలి నునుపు మీదా, అంచు వాలు మీదా ఆధారపడుతుంది. తీగ పెట్టాక నెత్తి మీది నంబరు అబద్ధమవుతుంది. ఆ బండి తర్వాత ఏ మెకానిక్కు చేతికి పోయినా వాడు ఆ అబద్ధాన్ని నమ్మి మోసపోతాడు.

నంబర్లలోనూ కులాలున్నాయని ఆయనే చెప్పాడు. ఆమాల్ కార్బొరేటరు జెట్టు మీద అంకె నిమిషానికి ఎన్ని సీసీలు కారుతుందో చెబుతుంది. బజాజ్ చేతక్ లాంటి స్కూటర్లకు వచ్చే డెల్లార్టో వంశపు కార్బొరేటరు జెట్టు మీద అంకె రంధ్రం వెడల్పును మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. ఇక్కడి వంద అక్కడి వంద కాదు. ఈ తేడా తెలియక ఒక బండి జెట్టు ఇంకో బండికి వేసినవాళ్ళ బండ్లు చాలానే భాయ్ షెడ్డుకు వచ్చేవి.

ఒక్కో బండిది ఒక్కో స్వభావం. బుల్లెట్టుకు డబ్బా తీసి, పొట్టి సైలెన్సరు పెట్టినవాళ్ళు ఎక్సలేటరు వదిలినప్పుడల్లా వెనక నుంచి పటపటా పేలుతుంటే గొప్పగా చెప్పుకునేవాళ్ళు. "అది గొప్ప కాదు సామీ, పెట్రోలు చాలక ఏడుస్తా వుంది" అనేవాడు భాయ్. ఫోర్ స్ట్రోకు కాబట్టి పిస్టను వెంటనే పట్టేయదు, అందుకని వాళ్ళకు భయం లేదు. వాల్వులు కాలిపోయాక వచ్చేవాళ్ళు. రాజ్‌దూత్ 350 ఇంకో రకం. 1983లో వచ్చిన ఆ బండికి రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. ఒక్కోదానికి ఒక్కో ఎర్ర ఫిల్టరు పెట్టి వచ్చేవాళ్ళు. అక్కడ జెట్లు రెండింటికీ ఒకటే ఉండటం చాలదు. ఎక్సలేటరు తిప్పగానే రెండు కార్బొరేటర్లలోని స్లైడులూ ఒక్క క్షణంలోనే లేవాలి. భాయ్ రెండు చేతుల చూపుడు వేళ్ళను రెండు గొంతుల్లో పెట్టి, బుడ్డోణ్ణి ఎక్సలేటరు మెల్లగా తిప్పమనేవాడు. కళ్ళు మూసుకుని, వేళ్ళకు తగిలే కదలికను బట్టి కేబులు నట్టు పావు చుట్టు తిప్పి సరిచేసేవాడు.

గాలి అంటే ఫిల్టరు ఒక్కటే కాదు, ఊరూ కాలమూ కూడా అని ఆ షెడ్డులోనే నేర్చుకున్నాం. రోహిణి కార్తెలో నెల్లూరు గాలి వేడెక్కి పలచబడుతుంది. అప్పుడు సరిపోయిన జెట్టు మార్గశిరంలో తెల్లవారుజామున చిక్కటి చల్లగాలికి చాలదు. పిస్టన్లు పట్టేసేవి ఎక్కువగా మంచి చలిలో, మంచి రోడ్డు మీద, బండి బ్రహ్మాండంగా లాగుతోందని మురిసిపోయేటప్పుడే. తిరుమల కొండ సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పీడనం మన కింద ఊళ్ళకంటే దాదాపు పదో వంతు తక్కువ. కాబట్టి కొండెక్కుతుంటే పెట్రోలు పాలు పెరిగి బండి కాస్త బరువుగా లాగుతుంది. దానికోసం జెట్టు మార్చక్కర్లేదు అనేవాడు భాయ్. దిగేటప్పుడే జాగ్రత్త చెప్పేవాడు. ఆర్‌ఎక్స్‌లో ఆయిలు పంపు ఎక్సలేటరుతో ముడిపడి ఉంటుంది. గేరులో పెట్టి, ఎక్సలేటరు పూర్తిగా మూసి ఘాటు రోడ్డంతా దించితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది గాని దానికి ఆయిలు సరిగ్గా అందదు. "మధ్యమధ్యలో రవ్వంత ఇస్తా దిగు అబ్బయా, గోవిందా అన్నప్పుడల్లా ఒక తిప్పు తిప్పు" అనేవాడు.

ఈ వైభవం అంతా ఎవరి డబ్బుతో నడిచిందో చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. టైగరు రొయ్య మా జిల్లా తీరం పొడవునా డబ్బు కురిపించిన రోజులవి. వరి పండే పొలాలు గుంటలయ్యాయి. కౌలు రైతు కొడుకులు కూడా బండ్లు కొన్నారు. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. బండ్లు ఫైనాన్సు వాళ్ళ పాలయ్యాయి. బావ తన ఆర్‌ఎక్స్‌ను పిల్లనిచ్చిన మామ చేత విడిపించుకుని, ఆ తర్వాత రెండేళ్ళకు అమ్మేశాడు. 1996లో కంపెనీ ఆ బండి తయారీనే ఆపేసింది. మైసూరులో యెజ్డీ బండ్ల ఫ్యాక్టరీ కూడా అదే ఏడు మూతపడింది. పొగ మీద నిబంధనలు బిగుస్తుండటంతో టూ స్ట్రోకులకు కాలం చెల్లింది. హీరో హోండాలు ఊరంతా నిండాయి. వాటిని కొన్నవాళ్ళు లీటరుకు ఎంతిస్తుందని అడిగారు తప్ప జెట్టు నంబరు అడగలేదు.

2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. అది మంచిదే, పిల్లల రక్తంలోకి పోయే విషం తగ్గింది. కాని ప్లగ్గు మీది రంగులు మారిపోయాయి. పాత ఇటుక రంగు సరిగ్గా కనపడటం మానేసింది. భాయ్ కొన్నాళ్ళు కొత్త రంగులకు కన్ను అలవాటు చేసుకున్నాడు. ఆ తర్వాత 2020 ఏప్రిల్ ఒకటి నుంచి బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాయి. కొత్త బండ్ల నుంచి కార్బొరేటరే దాదాపుగా మాయమైంది. ఇప్పుడు సైలెన్సరు పైపులో ఒక సెన్సరు మిగిలిన ఆక్సిజన్ను కొలుస్తుంది, ఒక చిన్న కంప్యూటరు దాన్నిబట్టి పెట్రోలు ఎంత చిమ్మాలో క్షణక్షణానికి తేలుస్తుంది. భాయ్ రోజంతా కష్టపడి ఒక్క వాతావరణానికి కుదిర్చిన లెక్కను అది ప్రతి మలుపులో కొత్తగా కుదురుస్తుంది. ఆ పని మనిషికంటే బాగా చేస్తుందనడంలో నాకు సందేహం లేదు.

పోయినదంతా బంగారమని కూడా అనను. మా సందులో టూ స్ట్రోకు పొగకు ఎదురింటి ముసలమ్మ దగ్గు ఆగేది కాదు. ఆస్పత్రి ముందు నుంచి కూడా ఆ గర్జనతోనే పోయేవాళ్ళు. మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు పేపర్లో చూసినప్పుడు నాకు వాటి మీద జాలి కలగలేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ ఎర్ర ఫిల్టరు వల్ల బండికి ఒరిగింది చాలా తక్కువ. పై స్పీడులో రవ్వంత లాభం ఉంటే ఉండవచ్చు. ఊళ్ళో తిరిగే వేగంలో పుల్లింగు తగ్గేది, మైలేజీ పడిపోయేది. వానలో నీళ్ళు పీల్చేది. గుంటల గట్ల మీది దుమ్ము చవక ఫిల్టరు దాటి లోపలికి పోయి బోరును ఇసుక కాగితంలా గీకేసేది. "కంపెనీవోడు పిచ్చోడా, ఆ డబ్బా ఊరికే పెట్టాడా?" అని అడిగేవాడు భాయ్. డబ్బా పీకించుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ ఒకసారి ఆ మాట అడిగి, వాడు వినకపోతే అప్పుడు పానా తీసేవాడు.

విలువైనది ఆ ఫిల్టరు కాదు, అది తెచ్చిపెట్టిన చిక్కును విప్పిన విద్య. టెన్త్ తప్పిన మనిషి పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ ఎత్తునూ లెక్కలోకి తీసుకుని, చెవితో విని, కంటితో చూసి, ఒకసారికి ఒకే ఒక్క మార్పు చేసి, ఫలితం చూసి, ఆ తర్వాతే రెండో దాని జోలికి పోయేవాడు. కాలేజీ ల్యాబులో మాకు రికార్డు బుక్కు నింపడం నేర్పారు. ప్రయోగం చేయడం నేర్పింది ఆ షెడ్డు. అక్కడ పానాలు అందించిన బుడ్డోళ్ళలో ఒకడు ఇప్పుడు గల్ఫులో పెద్ద జనరేటర్లు చూస్తున్నాడు. ఇంకొకడు నెల్లూరులోనే రొయ్యల గుంటల ఏరేటర్లు బాగుచేస్తున్నాడు. ఏ ఇంజనయినా ముందు విని, తర్వాత ముట్టుకుంటారని వాళ్ళకు పేరు.

ఈ విద్య అవసరం పూర్తిగా తీరిపోయిందనుకుంటే పొరపాటు. పాత ఆర్‌ఎక్స్‌లకు ఇప్పుడు కొత్త బండి ధర పలుకుతోంది. తాతల నాటి బుల్లెట్లను మనవలు దించి రంగులు వేయిస్తున్నారు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. ఇథనాలులోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఆ మిశ్రమానికి కావలసిన గాలి పాలు 14.7 నుంచి 13.5 దగ్గరికి తగ్గుతుంది. కొత్త బండిలో సెన్సరు అది గమనించి సర్దుకుంటుంది. పాత కార్బొరేటరుకు ఆ సంగతి తెలియదు. అంటే ఫిల్టరు ముట్టుకోకపోయినా, డబ్బా పీకకపోయినా, పాత బండి ఇప్పుడు కాస్త పెట్రోలు తక్కువై నడుస్తున్నట్టే లెక్క. దాని మీద ఎర్ర ఫిల్టరు కూడా తగిలిస్తే చెప్పక్కర్లేదు. జెట్టు ఒకటి రెండు మెట్లు పెంచి, ప్లగ్గు చూసి చెప్పగలిగిన మనిషి మళ్ళీ కావలసి వచ్చాడు.

మీ ఇంట్లో అట్లాంటి బండి ఉంటే రెండు పనుల్లో ఒకటి చేయండి. అటక మీద పాత డబ్బా పడి ఉంటే దించి, కడిగి, కొత్త స్పాంజి వేసి బండికి తగిలించండి. లేదు, ఎర్ర ఫిల్టరే కావాలంటే, మీ ఊళ్ళో కార్బొరేటరు తెలిసిన పెద్ద మెకానిక్కు ఎవరున్నారో వెతికి, ఆయన చేతే జెట్లు కుదిర్చించండి. కుదిరాక మెయిన్ జెట్టు నంబరు, స్లో జెట్టు నంబరు, నీడిలు క్లిప్పు ఎన్నో గాటులో ఉంది, ఎయిరు స్క్రూ ఎన్ని చుట్లు వదిలారు అన్నవి ఆయన చెబుతుండగా ఒక కాగితం మీద రాసి, బండి ఆర్‌సీతో పాటు దాచండి. ఆయన తర్వాత ఆ బండిని ముట్టుకునేవాడికి దారి చూపేది ఆ కాగితం ఒక్కటే.